కర్బన తార సి.డబ్ల్యు. లియోనిస్

సింహ రాశిలో మఖ నక్షత్రానికి పడమటి దిక్కున, సుమారు 5 డిగ్రీల ఎడంలో, కంటికి కనబడని ఒక నక్షత్రం కలదు. దాని పేరు సి.డబ్ల్యు. లియోనిస్. ఖగోళ శాస్త్రజ్ఞులలో చాలామంది దానిని ఐ.ఆర్.సి. +10216 అను జాబితా సంఖ్యతోనే వ్యవహరిస్తారు. మామూలు వెలుగులో అది చిన్న దూరదర్శినికి కూడ అందదు. 5 మైక్రాన్ల తరంగదైర్ఘ్యం గల పరారుణ కిరణాలలో చూచినచో మాత్రం, సౌరకుటుంబానికి వెలుపల ఆకాశమంతటిలో దానిని మించి ప్రకాశించే వస్తువు లేదు. ఇంతటి కాంతి గల తార మన కంటికి ఎందుకు కనబడదు? అది తన శరీరం నుండి తానే వెడలగ్రక్కిన మసిలో మునిగి ఉన్నది కనుక.

అది వయసు మళ్ళిన తార. సుమారు 630 దినాలకు, అనగా ఇంచుమించు 21 నెలలకు ఒకమారు ఉబ్బి, మరల కుంచించుకొనుచున్నది. దాని పై పొరలలో కర్బనం పాలు ఆమ్లజని పాలును మించిపోయినది. ఆ పొరలు ఒకటొకటిగా విడివడి అంతరిక్షంలోనికి సాగిపోవుచున్నవి. ఇటువంటి తారలు మన పాలపుంతలో వేలకొలది ఉన్నవి. అందు మనకు బాగుగా చేరువలో ఉండి, ఇంత దట్టంగా ద్రవ్యాన్ని వెదజల్లుచున్నది ఇదే. అందువలననే గత అర్ధ శతాబ్దిగా ప్రపంచంలోని పెద్ద దూరదర్శినులన్నియు దీనివైపు తిరిగినవి. మన దేహంలోని కర్బనం, పొయ్యిలోని బొగ్గు, పలకపై వ్రాసిన అక్షరం, ఇవన్నియు ఒకప్పుడు ఏ తారలోనో పుట్టినవే. ఆ పుట్టుక ఎట్టిదో కన్నులారా చూడదలచిన శాస్త్రజ్ఞునికి ఇంతకు మించిన ప్రయోగశాల దొరకదు.

కనుగొన్న విధం

1960 దశకంలో అమెరికాలోని కాలిఫోర్నియా సాంకేతిక సంస్థకు చెందిన గెరీ న్యూగెబావర్, రాబర్ట్ లైటన్ అను ఇరువురు శాస్త్రజ్ఞులు ఆకాశాన్ని పరారుణ కిరణాలలో జల్లెడ పట్టవలెనని సంకల్పించారు. అందులకు కావలసిన పెద్ద దర్పణం కొనుటకు ధనం చాలదు. అందుచేత గట్టిపడని ఎపాక్సీ జిగురును ఒక పళ్ళెంలో పోసి, ఆ పళ్ళెమును నెమ్మదిగా గిరగిర త్రిప్పారు. తిరిగే ద్రవం అంచుల వైపు ఎగబ్రాకి నడుమ గుంటపడును. ఆ వంపు సరిగా దూరదర్శినికి కావలసిన పరావలయమే. జిగురు గట్టిపడిన పిమ్మట దానికి అల్యూమినియం పూత పూశారు. అట్లు తయారైన 62 అంగుళాల దర్పణంతో మౌంట్ విల్సన్ పర్వతం నుండి ఆకాశంలో అధిక భాగాన్ని పరిశీలించి, 1969లో సుమారు 5,600 పరారుణ వస్తువుల జాబితాను ప్రకటించారు. ఐ.ఆర్.సి. అనగా ఆ జాబితాయే. +10 అనునది ఆకాశంలో ఒక పట్టీ. ఆ పట్టీలో 216వ వస్తువు మన తార.

అదే 1969లో ఎరిక్ బెక్లిన్, ఆయన సహచరులు ఈ ఒక్క వస్తువును గురించియే ప్రత్యేకంగా ఒక వ్యాసం వెలువరించారు. ఛాయాచిత్రాలలో ఆ చోట మసకగా ఒక ఎర్రని మచ్చ మాత్రమే ఉన్నది. పరారుణంలో మాత్రం అది కొలిమివలె వెలుగుచున్నది. తొలుత ఇది ఏమో ఎవరికిని రూఢిగా తెలియలేదు. వర్ణపటంలో కర్బన సమ్మేళనాల గుర్తులు దొరికిన తరువాతనే ఇది ధూళి తెర వెనుకనున్న కర్బన తార అని నిర్ణయమైనది.

కర్బన తారలను మొదట వేరుచేసి చూపినవాడు రోమ్ నగరంలో పనిచేసిన ఆంజెలో సెక్కీ. నక్షత్రాల వెలుగును పట్టకం గుండా పంపి వర్గీకరించుచుండగా, ఏ వర్గంలోను ఇమడని కెంపు రంగు తారలు కొన్ని ఆయనకు తటస్థపడినవి. 1868లో ఆయన వానికి నాల్గవ వర్గం కల్పించాడు. ఆనాటికి నక్షత్రాలు ఎందుకు వెలుగుచున్నవో కూడ ఎవరికీ తెలియదని మనం గుర్తుంచుకొనవలెను.

దూరం, పరిమాణం

తాజా అంచనాలను బట్టి ఈ తార మనకు సుమారు 400 కాంతి సంవత్సరాల దూరంలో ఉన్నది. అనగా నేడు మన దూరదర్శినులకు చేరే వెలుగు, అరవీటి వంశపు రాయలు వేలూరు, చంద్రగిరుల నుండి ఏలుచున్న కాలంలో అచటి నుండి బయలుదేరినది. ఉపరితలపు వేడిమి 2,000 డిగ్రీల కెల్విన్‌కు కొంచెం పైన మాత్రమే. సూర్యునిది సుమారు 5,800. వేడిమి తక్కువైనను దేహం మిక్కిలి పెద్దది కనుక, మొత్తం వెలుగు సూర్యునికి ఇంచుమించు పదివేల రెట్లు ఉండును. సూర్యుని స్థానంలో దీనిని ఉంచినచో భూమిని మాత్రమే కాదు, కుజుని కక్ష్యను కూడ తనలో కలుపుకొనును.

ముదిమిలో జరిగే మార్పు

సూర్యుని వంటి తార జీవితంలో అధిక భాగం నడిగర్భంలో ఉదజనిని హీలియంగా మార్చుకొనుచు గడుపును. ఉదజని అడుగంటిన పిమ్మట గర్భం కుంచించుకొనిపోవును, వెలుపలి పొరలు ఉబ్బును. గర్భంలో వేడిమి 10 కోట్ల డిగ్రీలకు చేరగా హీలియం మండుట ఆరంభించును. ఇక్కడ మండుట అనగా అగ్నిలో మండుట కాదు, కేంద్రకాలు కలియుట. మూడు హీలియం కేంద్రకాలు కలిసినచో ఒక కర్బన కేంద్రకం పుట్టును. ఈ కలయిక అంత తేలికైనది కాదు. రెండు హీలియంలు కలిసి ఏర్పడే బెరీలియం క్షణంలో కోటానుకోట్లవ వంతు కూడ నిలువక విడిపోవును. అంతలోనే మూడవది వచ్చి తగులవలెను. కర్బన కేంద్రకంలో ఒకానొక శక్తి స్థాయి తగిన చోట ఉన్నచోనే ఇది తగినంత వేగంగా సాధ్యపడునని ఫ్రెడ్ హాయిల్ 1953లో ఊహించాడు. వెంటనే ప్రయోగశాలలో వెదకగా ఆ స్థాయి 7.65 మిలియన్ ఎలక్ట్రాన్ వోల్టుల వద్ద దొరికినది. నక్షత్రాల ఉనికి నుండి కేంద్రక ధర్మాన్ని ముందుగా చెప్పగలిగిన అరుదైన సందర్భమది.

గర్భంలోని హీలియం కూడ ముగిసిన తరువాత నడుమ కర్బనం, ఆమ్లజనులతో కూడిన ముద్ద ఒకటి మిగులును. దానిచుట్టు హీలియం పొర, దానిపైన ఉదజని పొర. ఈ రెండు పొరలు వంతులవారీగా మండును. ఉదజని పొర మండుచున్నంత కాలం దాని బూడిదయగు హీలియం క్రింద పేరుకొనుచుండును. తగినంత పేరుకొనగానే హీలియం ఒక్కసారిగా భగ్గుమని అంటుకొనును. దీనిని ఉష్ణ స్పందన అంటారు. కొన్ని వందల సంవత్సరాలలో ఆ ఉధృతి చల్లారును. మరల పదివేల నుండి లక్ష సంవత్సరాల వరకు నిమ్మళం, మరల స్పందన. పైన చెప్పిన 21 నెలల ఉబ్బుదలకు దీనికి సంబంధం లేదు. అది పై పొరల ఊగిసలాట. ఇది లోపలి పొరల మంట. మన పత్రికలలో ఈ రెండింటిని కలగలిపి వ్రాయుట తరచుగా కనబడుచున్నది.

ఒక్కొక్క ఉష్ణ స్పందన అనంతరం వెలుపలి పొరలలోని మరుగుడు లోతుగా దిగి, అడుగున పుట్టిన కర్బనాన్ని తోడి పైకి తెచ్చును. గుండిగలో అడుగంటినదానిని గరిటె కలయద్రిప్పినట్లు. అట్లు మారుమారుకు కర్బనం పైన చేరి, తుదకు ఒకనాడు ఆమ్లజనిని దాటిపోవును. ఆనాటి నుండి అది కర్బన తార.

ఈ తోడుడు నిజంగా జరుగుచున్నదనుటకు 1952లో పాల్ మెరిల్ గొప్ప నిదర్శనం చూపాడు. కర్బన తారలకు దగ్గర బంధువులైన కొన్ని ఎర్రని తారల వర్ణపటంలో టెక్నీషియం అను మూలకపు రేఖలు ఆయనకు కనబడినవి. టెక్నీషియం రేడియోధార్మికం. దానిలో ఎక్కువ కాలం నిలిచే రూపం కూడ సుమారు 42 లక్షల సంవత్సరాలలో సగం క్షయించును. తార వయసు అంతకు ఎన్నో రెట్లు ఎక్కువ. కనుక ఆ మూలకం పుట్టుకతో వచ్చినది కాదు, ఇటీవల ఆ తార గర్భంలోనే తయారై పైకి వచ్చినది. తారలు మూలకాలను వండుచున్నవని అంతవరకు ఊహ. ఆనాటి నుండి అది దృష్టాంతం.

కర్బనం గెలిచినచో ఏమగును

ఒక తార వెలుపలి పొరల రసాయనమంతయు ఒకే ఒక ప్రశ్నపై ఆధారపడి ఉన్నది: కర్బనం ఎక్కువా, ఆమ్లజని ఎక్కువా? కర్బనపు పరమాణువు ఒకటి, ఆమ్లజని పరమాణువు ఒకటి కలిసి ఏర్పడే కార్బన్ మోనాక్సైడు అణువు బంధం మిక్కిలి గట్టిది. రెండు పరమాణువుల అణువులలో అంత గట్టి బంధం మరొకటి లేదు. తార పైన వేడిమి తగ్గుచుండగా మొదట ఏర్పడునది ఇదే. రెండింటిలో ఏది తక్కువైన అది పూర్తిగా ఈ అణువులో చిక్కుకొని పోవును. మిగిలినదే తరువాతి ఆటకు అర్హత గలది.

ఆమ్లజని మిగిలినచో సిలికాన్, లోహాలతో కలిసి ఇసుక, రాయి వంటి రేణువులు ఏర్పడును. నీటి ఆవిరి పుట్టును. కర్బనం మిగిలినచో వేరొక లోకం. అసిటిలిన్, హైడ్రోజన్ సయనైడు వంటి వాయువులు, సిలికాన్ కార్బైడు రేణువులు, అన్నింటికన్న మిన్నగా మసి. అసిటిలిన్ మనకు కొత్తది కాదు. పూర్వం తిరునాళ్ళలో వెలిగించిన కార్బైడు దీపాల వాయువు, నేటి వెల్డింగు దుకాణాలలోని వాయువు అదే. సిలికాన్ కార్బైడు అనగా సానపట్టే చక్రాలలోని కార్బొరండం.

ఆముదపు దీపంపై పళ్ళెం బోర్లించి కాటుక పట్టుట మన ఇండ్లలో ఎరిగినదే. మంటకు గాలి చాలనందున మండక మిగిలిన కర్బనం పళ్ళెమునకు అంటుకొనును. తార మీద అగ్ని లేదు, తైలం లేదు. అయినను ఆమ్లజని చాలకపోవుటచేత కర్బనం మసిగా మిగులుట అను సూత్రం రెండు చోట్ల ఒక్కటే. ఈ తారను వజ్రాల గనిగా వర్ణించే వ్రాతలు అప్పుడప్పుడు కనబడుచున్నవి. అవి నమ్మదగినవి కావు. అచట దండిగా ఉన్నది వజ్రం కాదు, కాటుక.

మసి నెట్టే గాలి

21 నెలలకొకమారు తార ఉబ్బినప్పుడు దాని పై వాయువులు పొంగే పాలవలె పైకెగసి, కొంత మరల జారిపడును. ఎగసిన వాయువు చల్లబడి, సుమారు 1,500 డిగ్రీలకు దిగువన మసి రేణువులుగా గడ్డకట్టును. నల్లని రేణువు వెలుగును బాగుగా పీల్చుకొనును. వెలుగుకు స్వల్పమైన ఒత్తిడి కలదు. పదివేల సూర్యుల వెలుగు తగిలినప్పుడు ఆ స్వల్పమే చాలినంత అగును. రేణువులు వెలుపలికి తోయబడును. దారిలో తగిలిన వాయువును కూడ వెంటబెట్టుకొని పోవును. నిక్కముగా ఈ తారను కరిగించుచున్నది పేలుడు కాదు, దాని వెలుగే. నక్షత్రం ముగింపు అనగానే విస్ఫోటం అని వ్రాయుట అలవాటైపోయినది. పేలేవి మహా ద్రవ్యరాశి గల కొద్ది తారలు. ఎక్కువ తారలు ఈ తీరుగా ఊపిరి వదలుచు ముగిసిపోవును.

ఈ గాలి వేగం సెకనుకు సుమారు 14.5 కిలోమీటర్లు. ఆ లెక్కన ఒక సంవత్సరంలో భూమి–సూర్యుల నడుమ దూరానికి మూడు రెట్లు సాగును. ఏటేట వెలువడే ద్రవ్యం సూర్యుని ద్రవ్యరాశిలో లక్షకు రెండు వంతులు. వినుటకు చిన్నదిగా తోచును కాని, అది ఆరేడు భూగోళాలకు సమానం. మన సూర్యుని నుండి వీచే సౌరపవనం కంటె ఇది వంద కోట్ల రెట్లు.

ఎంత కాలంగా ఇట్లు జరుగుచున్నది? అతినీలలోహిత కిరణాలను పరిశీలించిన గాలెక్స్ ఉపగ్రహపు చిత్రాలలో ఈ తార ముందు వైపున విల్లువంటి వంపు, వెనుక తోక వంటి జాడ కనబడినవి. పడవ ముందు నీరు చీలునట్లు, అంతరిక్షంలోని పలుచని వాయువులో గుండా ఈ తార దూసుకొని పోవుటచేత ఏర్పడినవి అవి. ఆ విస్తీర్ణాన్ని బట్టి కనీసం 69,000 సంవత్సరాలుగా ఈ వెదజల్లుట జరుగుచున్నదని 2010లో రాఘవేంద్ర సహాయ్, క్రిస్టఫర్ క్రోనోపోలస్ లెక్కగట్టారు. నేటి వేగంతోనే అంతకాలం సాగినదనుకొన్నచో ఒక సూర్యుని మించిన ద్రవ్యం ఇప్పటికే వెలుపలికి పోయినది.

అణువుల కొట్టు

1971లో ఫిలిప్ సాలమన్, కీత్ జెఫర్ట్స్, ఆర్నో పెంజియాస్, రాబర్ట్ విల్సన్‌లు రేడియో దూరదర్శినితో ఈ తార చుట్టు కార్బన్ మోనాక్సైడును కనుగొన్నారు. విశ్వపు తొలి వెలుగు శేషాన్ని కనుగొని 1978లో నోబెల్ బహుమతి అందుకొన్న పెంజియాస్, విల్సన్‌లు వీరే. అది మొదలు నేటి వరకు ఈ ఒక్క తార ఆవరణంలో 80కి పైబడి అణువులు దొరికినవి. పేర్లన్నియు ఇచట ఏకరువు పెట్టుట వృథా. కొన్నింటి కథ మాత్రం చెప్పదగినది.

1984లో దొరికిన సిలికాన్ డైకార్బైడు అంతరిక్షంలో గుర్తింపబడిన మొట్టమొదటి వలయాకార అణువు. 1987లో హోజె సెర్నిచారో, మిషెల్ గెలిన్‌లు సోడియం క్లోరైడును, అనగా మన వంటింటి ఉప్పును, వాయురూపంలో కనుగొన్నారు. 1995లో జపాను శాస్త్రజ్ఞులు నొబెయామా రేడియో దూరదర్శినితో ఈ తార నుండి వచ్చే రేఖలను జాబితా వేసినప్పుడు, క్రమమైన ఎడంతో వరుసగా కొన్ని రేఖలు కనబడినవి. అవి ఏ అణువువో ఎవరికిని పట్టుబడలేదు. పదకొండు సంవత్సరాల తరువాత, 2006లో, అమెరికాలోని ప్రయోగశాలలో ఆరు కర్బనాలు, ఒక ఉదజని గల ఋణ విద్యుదావేశపు అణువును తయారుచేసి కొలవగా, సరిగా అవే రేఖలు. అంతరిక్షంలో ఋణావేశపు అణువు ఉండగలదని రుజువగుట అదే తొలిసారి.

ఈ పొడవాటి కర్బన గొలుసులే మరొక పెద్ద ఆవిష్కరణకు దారితీసినవి. కర్బన తారల గాలిలో ఇటువంటి గొలుసులు ఎట్లు పుట్టునో తెలియగోరి, ఇంగ్లండుకు చెందిన హారీ క్రోటో 1985లో అమెరికాలోని రైస్ విశ్వవిద్యాలయానికి పోయాడు. అచట రిచర్డ్ స్మాలీ, రాబర్ట్ కర్ల్‌లతో కలిసి గ్రాఫైటును లేజరుతో ఆవిరిచేయగా, గొలుసులతో పాటు 60 కర్బనాలు బంతివలె కూడిన అణువు ఒకటి ఎడతెగక ఎదురుపడినది. అదే బక్‌మినిస్టర్ ఫుల్లరీన్. దానికే 1996లో ముగ్గురికి రసాయన శాస్త్రపు నోబెల్ లభించినది. ఆ బంతి అణువు అంతరిక్షంలో కూడ ఉన్నదని 2010లో స్పిట్జర్ దూరదర్శిని చూపినది. ఈ తారవద్ద కాదు, ఇటువంటి తార మరణించిన పిమ్మట మిగిలిన టి.సి. 1 అను గ్రహ నీహారికలో.

నీటి చిక్కు

2001లో స్వాస్ అను ఉపగ్రహంతో పరిశీలించిన గారీ మెల్నిక్, ఆయన సహచరులు ఈ తార చుట్టు నీటి ఆవిరి ఉన్నదని ప్రకటించారు. ఇది ఎవరును ఎదురుచూడనిది. పైన చెప్పిన సూత్రం ప్రకారం ఇచటి ఆమ్లజని యావత్తు కార్బన్ మోనాక్సైడులో బందీ అయి ఉండవలెను. నీరు చేయుటకు మిగులరాదు. అందుకు వారు చెప్పిన సమాధానం మనోహరమైనది: ఈ తారకు కూడ మన సౌరకుటుంబానికి వలె తోకచుక్కల సమూహం ఉండి, తార ఉబ్బి వెలుగు పెరిగినందున ఆ మంచుముద్దలు ఆవిరగుచున్నవని. మరొక సౌరకుటుంబపు అంత్యక్రియలను చూచుచున్నామని ఆనాడు పత్రికలు వ్రాసినవి.

ఆ ఊహ నిలువలేదు. 2009లో ప్రయోగింపబడిన హెర్షెల్ అంతరిక్ష దూరదర్శిని నీటి ఆవిరి రేఖలను ఒకటి రెండు కాదు, అనేకం పట్టుకొన్నది. వానిలో కొన్ని రేఖలు వందలకొలది డిగ్రీల వేడిమి గల ఆవిరి నుండి మాత్రమే రాగలవు. తోకచుక్కలైనచో ఆవిరి తారకు దూరంగా, చల్లగా ఉండవలెను. ఇది తారకు మిక్కిలి సమీపంలో ఉన్నదని 2010లో లీన్ డెసిన్ బృందం తేల్చినది. వారి వివరణ ఇది: ధూళి తెర అంతటా ఒకే మందంగా లేదు, చిరుగులు ఉన్నవి. వెలుపలి నక్షత్రాల అతినీలలోహిత కాంతి ఆ చిరుగుల గుండా లోపలికి ప్రవేశించి, కార్బన్ మోనాక్సైడు వంటి అణువులను ఛేదించి, ఆమ్లజనిని విడిపించుచున్నది. విడిపడిన ఆమ్లజని ఉదజనితో కలిసి నీరగుచున్నది. ఆ అతినీలలోహిత కాంతి వెలుపలిది కాక, తారకు అంటి ఉన్న జంట తారదే అయి ఉండవచ్చునని తరువాత కొందరు వాదించారు.

తోకచుక్కల కథ అందమైనదే. అయినను కొలతలు ఒప్పుకొనని కథను విడిచిపెట్టుటలో శాస్త్రజ్ఞులు చూపిన త్వర మెచ్చదగినది.

జంట ఉన్నదా

1999లో నికొలా మౌరోన్, పాట్రిక్ హగ్గిన్స్‌లు ఈ తార చుట్టు, నీటిలో రాయి వేసినప్పటి అలల వలె, ఒకదాని వెలుపల ఒకటిగా వలయాలను గమనించారు. పాలపుంత నక్షత్రాల వెలుగే ఆ ధూళిపై పడి చెదరుటవలన అవి కనబడినవి. వలయాల నడుమ ఎడం సుమారు 200 నుండి 800 సంవత్సరాల కాలానికి సరిపోవును. 21 నెలల ఊగిసలాటకు ఇది చాల ఎక్కువ. ఉష్ణ స్పందనలకు చాల తక్కువ. అందుచేత చుట్టు తిరుగుచున్న మరొక తార గాలిని అప్పుడప్పుడు చిలుకుచున్నదను అనుమానం బలపడినది. చిలీ దేశంలోని ఆల్మా రేడియో దూరదర్శినుల సమూహం లోపలి పొరలలో సర్పిలపు మెలికలను చూపి దీనికి మరింత బలం చేకూర్చినది. ఆ జంట ఎంత కాలానికి ఒకమారు చుట్టివచ్చునను విషయంలో మాత్రం అంచనాలకు పొంతన లేదు. ఒకరు అర్ధ శతాబ్ది అనగా, మరొకరు ఏడెనిమిది శతాబ్దాలు అంటారు. తార కేంద్రం మసిలో మరుగుపడి ఉన్నందున వివాదం తెగుట కష్టం. హబుల్ దూరదర్శిని 2001, 2011, 2016 సంవత్సరాలలో తీసిన చిత్రాలను పోల్చినచో మధ్యభాగపు రూపమే మారిపోయినట్లు కనబడును. తెర చిరుగుల గుండా వెలువడే కాంతి కిరణాలు దివిటీలవలె వలయాలపై పడుచున్నవి. నక్షత్రపు మార్పులు లక్షల ఏండ్లకు గాని తెలియవని తలచే మనకు, పదునైదేండ్లలో కనబడిన ఈ మార్పు ఆశ్చర్యం గొలుపును.

ఇకపై జరుగునది

వెలుపలి పొరలు పూర్తిగా తొలగిన పిమ్మట లోని వేడి ముద్ద బయటపడును. దాని అతినీలలోహిత కాంతికి చుట్టు సాగిపోవుచున్న వాయువు రంగురంగులుగా వెలుగును. దానినే గ్రహ నీహారిక అంటారు; గ్రహాలతో దానికి ఏ సంబంధమును లేదు, పాతకాలపు పేరు మాత్రమే. పది ఇరువది వేల సంవత్సరాలలో అది చెదరిపోవును. కోట్ల సంవత్సరాలు బ్రదికిన తారకు ఇది మఖలో పుట్టి పుబ్బలో పోయినట్లే. మిగులునది భూమి అంతటి పరిమాణంలో ఉండే శ్వేత కుబ్జ తార. దాని ద్రవ్యరాశి సూర్యునికి 1.4 రెట్లు మించరాదని సుబ్రహ్మణ్యన్ చంద్రశేఖర్ నిరూపించిన హద్దు అందరు ఎరిగినదే.

మన సూర్యుడు కూడ ఒకనాడు ఉబ్బి, పొరలు విడిచి శ్వేత కుబ్జమగును. కర్బన తార మాత్రం కాబోడని అంచనా. కర్బనం ఆమ్లజనిని మించునంతగా తోడబడక ముందే దాని పై పొరలు తరిగిపోవును. మన పరిసరాలలోని తారలలో సూర్యునికి కనీసం సుమారు ఒకటిన్నర రెట్లు ద్రవ్యరాశి ఉన్నవే కర్బన తారలగునని, నక్షత్ర గుచ్ఛాలలోని శ్వేత కుబ్జాలను తూచి 2020లో పావొలా మారిగో బృందం నిర్ధారించినది. ఆ లెక్క పాలపుంతలోని కర్బనంలో ఇటువంటి తారల పాలు ఎంత, పేలిపోయే మహాతారల పాలు ఎంత అను పాత వాదానికి కూడ ముఖ్యమైనది.

ఈ పాలు ఊహామాత్రం కాదు, చేతికి దొరికినది. 1969 సెప్టెంబరు 28న ఆస్ట్రేలియాలోని మర్చిసన్ గ్రామంలో ఒక ఉల్క పడినది. దాని తునకలను ఆమ్లాలలో కరిగించగా కరగక మిగిలిన నలుసులలో, సూర్యుని కంటె ముందే పుట్టిన సిలికాన్ కార్బైడు రేణువులు ఉన్నవని తెలిసినది. వానిలోని ఐసోటోపుల నిష్పత్తిని బట్టి తొంబది పాళ్ళకు పైగా కర్బన తారల గాలిలో గడ్డకట్టినవే. కొన్నింటి వయసు సుమారు 700 కోట్ల సంవత్సరాలని 2020లో అంచనా వేశారు. భూమి వయసు 450 కోట్ల పైచిలుకు మాత్రమే. భూమిపై మనుష్యుని చేతికి చిక్కిన ఘన పదార్థాలలో వానికంటె పురాతనమైనది లేదు.

మన ప్రాంతం నుండి

ఈ తార ఆకాశ మధ్యరేఖకు ఉత్తరాన నేడు సుమారు 13 డిగ్రీల 9 నిమిషాల వద్ద ఉన్నది. కోలారు పట్టణపు అక్షాంశం కూడ ఇంచుమించు అంతే. కాబట్టి కోలారు, ముళబాగిలు, చిత్తూరు, తిరుత్తణి ప్రాంతాలవారికి ఇది సరిగా నడినెత్తిన సాగిపోవును. యానాంవారికి నడినెత్తికి మూడున్నర డిగ్రీలు, బరంపురంవారికి ఆరు డిగ్రీలు దక్షిణంగా. ఫిబ్రవరి నడుమ అర్ధరాత్రి వేళ, ఉగాది దినాలలో రాత్రి 9, 10 గంటల నడుమ అది శిరస్సుపైకి వచ్చును. మఖ కార్తెలో, అనగా ఆగస్టు రెండవ పక్షంలో, సూర్యుడు ఆ చోటనే ఉన్నందున కనబడదు.

తారను చూడలేకపోయినను ఆ చోటును గుర్తించవచ్చును. కొడవలి ఆకారపు చుక్కల వరుసకు పిడి వద్ద మెరిసేది మఖ. చేయి చాచి మూడు వ్రేళ్ళు అడ్డంగా పట్టినచో సుమారు 5 డిగ్రీలు. మఖకు పడమరగా అంత దూరం, రవ్వంత ఉత్తరంగా. ఆ చోటికి రెండు డిగ్రీల లోపు దక్షిణాన ఆర్. లియోనిస్ అను మరొక ముదుసలి చర తార కలదు. 1782లోనే కనుగొనబడిన ఆ తార సుమారు 310 దినాలకు ఒకమారు ఉబ్బి తగ్గును, వెలుగు హెచ్చినప్పుడు కంటికే లీలగా అందును, తగ్గినప్పుడు మామూలు బైనాక్యులర్లకు కూడ అందదు. దానిలో ఇంకను ఆమ్లజనిదే పైచేయి, అందుచేత మసి తెర లేదు. ఒకే వయసు ముదుసళ్ళు ఇరువురు ప్రక్కప్రక్కన కనబడుచు, ఒకరు తేటగా, ఒకరు మసిగప్పి ఉండుట చూడదలచినవారికి ఆకాశంలో ఇంతకన్న మంచి చోటు లేదు. నిజానికి అవి దూరంలో వేరు వేరు. మన చూపుకు మాత్రమే ఇరుగు పొరుగు. ఉగాదికి ముందురోజు అమావాస్య కనుక వెన్నెల అడ్డు ఉండదు.

కర్బన తారనే చూడగోరువారు చలికాలంలో గొల్లకావడికి క్రిందుగా, దక్షిణాన ఉన్న శశ రాశిలో ఆర్. లెపోరిస్‌ను వెదకవచ్చును. 1845లో జాన్ రస్సెల్ హైండ్ దానిని నల్లని పొలంలో రక్తపు బొట్టువలె ఉన్నదని వర్ణించాడు. బైనాక్యులర్లతో చూచినను ఎరుపు తెలియును, వెలుగు హెచ్చిన నెలలలో చూచినచో. దాని ఆవృత్తి 14 నెలలకు పైన.

తమిళనాడులోని జవ్వాది కొండలపై కావలూరులో భారత ఖగోళ భౌతిక సంస్థ వేధశాల కలదు. హైదరాబాదులో పెరిగి నిజామియా వేధశాల నీడలో ఖగోళం నేర్చిన వైను బప్పు దానిని నెలకొల్పాడు. ఆయన పేరిట వెలసిన 2.34 మీటర్ల దూరదర్శిని 1986లో ప్రారంభమైనది. కర్బనం అధికమై ఉదజని కొరవడిన ఆర్. కరోనే బోరియాలిస్ జాతి తారలపై ఎన్. కామేశ్వరరావు దశాబ్దాలపాటు చేసిన పరిశోధనలు ఆ సంస్థకు చెందినవే. పరారుణ కిరణాలను గాలిలోని తేమ పీల్చివేయును గనుక అందులకు ఎత్తైన, పొడి ప్రదేశం కావలెను. లడఖ్‌లోని హాన్లేలో 4,500 మీటర్ల ఎత్తున ఉన్న హిమాలయ చంద్ర దూరదర్శిని అటువంటిది. దానిని నడిపించునది మాత్రం కోలారు రోడ్డున ఉన్న హొసకోటె నుండి, ఉపగ్రహపు లంకె ద్వారా.